అమ్మ పెట్టిన బొట్టు

భివండీలో పదిహేనేళ్ళు మా మరమగ్గాల కార్ఖానాలో సాంచాలు నడిపిన కరీం చాచా పోయిన నెల చనిపోయాడు. కరెంటు పోయి సాంచాలు ఆగినప్పుడల్లా ఆయన చేతులు కడుక్కుని చదువుకునే ఖురాన్ కోసం ఈ రోజు ఆయన భార్య, చాచీ, కార్ఖానాకు వచ్చింది.

గోడ గూట్లో ఖురాన్ పక్కన ఒక పాత గుడ్డ మడతపెట్టి ఉంది. దాని మీద కుంకుమ బొట్టు!

ఒక దసరాకు సాంచాలకు బొట్లు పెడుతూ, గుడ్డలో చుట్టి ఉన్న ఖురాన్‌కు కూడా అమ్మ భక్తిగా పెట్టేసింది. నేను భయపడి చచ్చాను. చాచా ఆ గుడ్డ విప్పి ఖురాన్‌కు కొత్త గుడ్డ చుట్టాడు.

"దీన్ని పారేయలేదా చాచీ?"

"'అమ్మ మొక్కి పెట్టిన బొట్టు, ఎట్ల పారేస్త' అన్నడు బేటా."

అమ్మ పోయి మూడేళ్ళు. ఆ బొట్టులో ఆమె వేలి గుర్తు ఇంకా ఉంది. ఆమె చీరలన్నీ నేను నెలలోపే పంచేశాను. మీ దగ్గర మీ అమ్మ గుర్తేముందో ఒకసారి ఇల్లు వెతికి చెప్పండి.