ఒక రోజు ముందొచ్చే మనిషి

డ్రిల్లు మాస్టారికి ఒకే ఒక్క జబ్బు. ఏ పనైనా సరే, అసలు రోజుకు ముందు ఒకసారి చేసి చూడనిదే ఆయనకు అన్నం సయించదు. రేపు రైలెక్కాలంటే ఇవాళే పెట్టె మోసుకుంటూ స్టేషనుకు వెళ్ళి, ఆ రైలు కదిలిపోయేదాకా చూసి, మళ్ళీ పెట్టె మోసుకుంటూ ఇంటికొస్తాడు. పన్ను పీకించుకోవాలంటే ముందురోజే వెళ్ళి ఆ కుర్చీలో నోరు తెరుచుకుని కూర్చుని వస్తాడు. తన పెళ్ళికి కూడా ముందురోజే ముస్తాబై వచ్చి ఖాళీ హాల్లో ఒక్కడే కూర్చుంటే, కాపలావాడు బయటికి పంపించేశాడట.

"అప్పుడైనా నాకు బుద్ధి రావాల్సింది అన్నయ్యగారూ. రాలేదు" అంటుంది ఆయన భార్య.

ఆమె ఈ మాట చెప్పింది కళ్ళజోళ్ళాయనతో. ఆయనా డ్రిల్లు మాస్టారూ చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నారు. కళ్ళజోళ్ళాయనకు సొంత ఊళ్ళో చిన్న దుకాణం ఉంది. అద్దాలు కోసే కొత్త మెషిన్లు చూడాలనే వంకతో మొదటిసారి దేశం దాటి, ఈ మహానగరంలో స్నేహితుడింట్లో దిగాడు. మెషిన్ల మీద ఆయనకు ధ్యాసే లేదు. ఈ నగరంలోనే ఆయన అక్క ఉంది. తొమ్మిదేళ్ళ కిందట బావ పోతే ఆయన రాలేదు. ఆనాటి నుంచి అక్క ఆయన ఫోను ఎత్తలేదు. ఆదివారం వెళ్ళి తలుపు కొట్టాలి, సోమవారం విమానం ఎక్కాలి. అక్క తలుపు తీస్తుందో తీయదో తెలియదు.

దిగిన రోజు ఒకటే ముసురు. విమానాశ్రయంలో డ్రిల్లు మాస్టారు పెట్టె అందుకుంటూ, "నిన్న కూడా వచ్చానురా" అన్నాడు.

"నిన్న నేను రాలేదుగా!"

"అవును. నువ్వు రాకపోవడం ఒక్కటి తప్ప అంతా సవ్యంగానే జరిగింది."

పదకొండో అంతస్తులో రెండు గదుల ఇల్లు. కిటికీ తెరిస్తే ఎదురుగా ఇంకొకరి పదకొండో అంతస్తు, మధ్యలో వాన. ఆరని బట్టల వాసన ఇల్లంతా పట్టింది. "నీ మంచం మీద రెండు రాత్రులు నేను పడుకుని చూశాను. ఎడమపక్కకి తిరిగితే కిర్రుమంటుంది. కుడిపక్కకే తిరుగు" అన్నాడు డ్రిల్లు మాస్టారు. కళ్ళజోళ్ళాయన ఎటూ తిరగలేదు. అక్క మొహం ఇప్పుడు ఎలా ఉంటుందో ఊహించుకుందామని చూశాడు. ఎంత ప్రయత్నించినా తొమ్మిదేళ్ళ నాటి మొహమే కనిపించింది.

శనివారం పొద్దున్న, ఇంట్లో కూర్చుంటే ఇంకా కుంగిపోతాడని, డ్రిల్లు మాస్టారు ఆయన్ని తన ఉద్యోగానికి వెంటబెట్టుకెళ్ళాడు. నిప్పు లేకుండానే నిప్పు అని గంట కొట్టి, ఆఫీసుల్లో వాళ్ళందరినీ మెట్ల మీదుగా కిందికి దింపడం ఆయన పని. ఈ నగరానికి వచ్చి ఏడాది కాలేదు, అప్పుడే ఆయన్ని చూస్తే గుమాస్తాలు మొహం తిప్పుకుంటున్నారు. ఆ రోజు పద్నాలుగో అంతస్తు నుంచి నూట ఇరవై మంది టీ కప్పులతో సహా ఈసురోమంటూ దిగారు.

"నాలుగు నిమిషాల పది సెకన్లు. ఇద్దరు చచ్చిపోయారు" అని ప్రకటించాడు డ్రిల్లు మాస్టారు.

"ఎవరు సార్?"

"ఆఖర్న వచ్చిన మీరిద్దరే."

"అయితే సార్, చచ్చిపోయాం కాబట్టి మధ్యాహ్నం నుంచి సెలవు తీసుకోవచ్చా?"

నూట ఇరవై మందీ విరగబడి నవ్వారు. కళ్ళజోళ్ళాయన మాత్రం వానలో పేవుమెంటు మీద నిలబడి, చావు అనే మాట దగ్గరే ఆగిపోయాడు.

మధ్యాహ్నం ఇంటికి రాగానే డ్రిల్లు మాస్టారు తన భార్య శాలువా తీసి భుజాల మీద కప్పుకున్నాడు.

"నేను మీ అక్కని. నువ్వు బయటికి నడు."

"నీకేమైనా పిచ్చా?"

"రేపు నువ్వు గుమ్మంలో నోరు పెగలక నిలబడితే ఏం చేస్తావు? నడు, నడు."

కళ్ళజోళ్ళాయన వరండాలోకి వెళ్ళి తలుపు కొట్టాడు.

"ఎవరు?"

"నేనే."

"తొమ్మిదేళ్ళకి వచ్చి నేనే అంటే సరిపోయిందా? ఇంకోసారి!"

రెండోసారి డ్రిల్లు మాస్టారు తలుపు తెరిచి, మొహం మీదే వేసేశాడు. మూడోసారి ఎదురింటావిడ బయటికొచ్చి చూస్తే, "డ్రిల్లండీ" అని సర్దిచెప్పాడు. నాలుగోసారి గుమ్మానికి చెయ్యి అడ్డం పెట్టి, తల కాస్త పక్కకి వంచి నిలబడ్డాడు. కోపం వస్తే అక్క అచ్చం అలాగే నిలబడుతుంది. చిన్నప్పుడు చూసింది వీడు ఇంకా మర్చిపోలేదు కాబోలు అనుకున్నాడు కళ్ళజోళ్ళాయన.

"మీ బావ పోతే ఎందుకు రాలేదురా?"

"షాపు వదిలి రావడానికి..."

"అబద్ధం. ఇంకోసారి!"

"వీసా సమయానికి..."

"అబద్ధం. ఇంకోసారి!"

"ఆపరా!" అని అరిచాడు కళ్ళజోళ్ళాయన. "భయమేసింది, చాలా? బావతో ఆఖరిసారి ఫోన్లో పోట్లాడాను. నోటికొచ్చినట్టు తిట్టాను. ఆ తర్వాత వారానికే పోయాడు. ఏ మొహం పెట్టుకుని రాను?"

డ్రిల్లు మాస్టారు శాలువా తీసి మడత పెట్టాడు. "రేపు ఇదే చెప్పు" అన్నాడు. ఆ పూట మళ్ళీ 'ఇంకోసారి' అనలేదు.

ఆదివారం వాన ఇంకా జోరుగా పట్టుకుంది. అక్క ఉండేది లిఫ్టు లేని పాత భవనంలో, మూడో అంతస్తులో. "నేను కిందే ఉంటాను" అని గొడుగు కింద నిలబడిపోయాడు డ్రిల్లు మాస్టారు.

తలుపు తెరుచుకుంది. అక్క జుట్టంతా నెరిసిపోయింది. మనిషి సగమైంది. కళ్ళజోళ్ళాయన వల్లెవేసుకున్న మాటలన్నీ ఎటో పోయాయి.

"భయమేసి రాలేదక్కా" అన్నాడు.

అక్క ఆయన్ని చాలాసేపు చూసి, "లోపలికి రా" అంది.

"తిట్టవా?"

"తిట్లు అయిపోయాయిరా."

"అయిపోవడమేమిటి?"

"నువ్వొస్తున్నావని వాడికి తెలిసిన దగ్గర్నుంచి, నాలుగు ఆదివారాలుగా మీ డ్రిల్లువాడు వచ్చి ఈ గుమ్మంలోనే నిలబడుతున్నాడు. నేనే మీ తమ్ముణ్ణనుకోండి అక్కా, అనాల్సినవన్నీ అనెయ్యండి అన్నాడు. మొదటి వారం మొహం మీదే తలుపేశాను. రెండో వారం తిట్టాను. మూడో వారం ఇంకా తిట్టాను. నా తొమ్మిదేళ్ళ కడుపుమంటా వాడే భరించాడు, పాపం. మీ బావ చివరిదాకా నిన్నే తలుచుకున్నాడని చెబితే, నాకంటే వాడే ఎక్కువ ఏడ్చాడు. పోయిన వారం కూర్చోబెట్టి అన్నం పెట్టాను."

కళ్ళజోళ్ళాయన గుమ్మం దాటి ఒక అడుగు లోపలికి వేశాడు. "నా కోసం ఒక్కటి కూడా మిగల్లేదా అక్కా?"

అక్క కిందికి చూసింది. "ఆ బురద బూట్లతో లోపలికొచ్చేశావేంరా, వెధవా! పొద్దున్నే తుడిచానూ!"

ఆయనకు ప్రాణం లేచొచ్చింది. గుమ్మంలోనే చతికిలబడి తాళ్ళు విప్పసాగాడు. కళ్ళ నిండా నీళ్ళతో ముడి కనిపించలేదు.

అక్క కిటికీ తెరిచి కిందికి కేకేసింది. "ఏమయ్యా, తడిసింది చాలు, పైకి రా!"

"ఇవాళ మీరిద్దరూ కానివ్వండక్కా! నేను వచ్చే ఆదివారం వస్తాను!"

"ఇంకా దేనికయ్యా? మా వాడు వచ్చేశాడుగా!"

"రేపు వెళ్ళిపోతాడుగా! మళ్ళీ ఎప్పుడొస్తాడో ఏమో! వాడొచ్చేదాకా మనం వారం వారం డ్రిల్లు చేసుకుంటూ ఉండాలి, లేకపోతే అలవాటు తప్పిపోతుంది!"

"పిచ్చి మాలోకం" అనుకుంటూ అక్క కిటికీ వేసింది. వేసి, వంటింట్లోకి వెళ్ళి మూడో కంచం కూడా తీసింది.