రెండూ వెలిగితే సీదా

పెళ్లివారి బస్సును, అందులోని పురోహితుణ్ణి, మా పెద్దమ్మను, ఆవిడ ఒళ్లోని మంగళసూత్రాన్ని ముహూర్తానికి ముందు నది దాటించి పంపేసిన ఘనత నాది. అదీ నాలుగు చిన్న దీపాలతో. గుండె చిక్కబట్టుకుని చదవండి.

అప్పుడు నేను జంషెడ్‌పూర్‌లో కొత్త ఇంజనీరుని. అంటే నాకు తెలియనిది లేని రోజులు. మా పెదనాన్నకి ఒక పాత ఫియట్ ఉండేది. పెద్దమ్మకి జ్వరమొస్తే మాత్ర ఇచ్చేవారు, ఫియట్‌కి దగ్గొస్తే సెలవు పెట్టేవారు. ఆయన కొడుకు, మా తమ్ముడు, పెళ్లికి అందులోనే వెళ్లాలని నిశ్చయమైంది.

"వెనక లైట్లు గుడ్డిగున్నాయి పెదనాన్నా. ఎల్‌ఈడీలు ఏసేత్తాను," అన్నాను.

"ఏటవసరం? ఇన్నాళ్లూ ఎవడైనా గుద్దీసినాడేటి?"

"వెనకాల బస్సు వత్తాది కదా. మనం ఎటు తిరుగుతున్నామో డ్రైవరుకి తెలవొద్దా?"

ఈ మాట కాస్త గుర్తుంచుకోండి.

వెనకవి మార్చాక నా చెయ్యి ఊరుకోలేదు. ముందు ఇండికేటర్లు కూడా, వాటిని మిణుకుమనిపించే ఫ్లాషర్‌తో సహా మార్చేశాను. పరీక్షా పద్ధతిగానే చేశాను. పెదనాన్న ఎడమ ఇండికేటర్ వేస్తే ఎడమ దీపం ముందు చతికిలబడి చూశాను. వెలిగింది. కుడిది వేస్తే కుడి దీపం ముందు చతికిలబడ్డాను. అదీ వెలిగింది. వెలగకూడనిది వెలుగుతోందేమో చూడమని నాకు ఏ కాలేజీలోనూ చెప్పలేదు.

పెళ్లి నదికి ఇవతలే, జుగ్సలాయిలో, సాయంత్రం. కారు నేనే నడిపాను. పక్కన పెదనాన్న, వెనక సీట్లో పెళ్లికొడుకు, మా వెనక కాస్త దూరంగా బస్సు. బిష్టుపూర్ దాటాక ఎడమ ఇండికేటర్ వేసి ఠీవిగా తిరిగాను. మండపం ముందు సన్నాయి మొదలైంది. పెళ్లికూతురి తండ్రి రోడ్డు వైపు చూసి, "బావగారూ, మిగతావోళ్లేరీ?" అన్నారు.

పెదనాన్న పెద్దమ్మకి సెల్‌ఫోను చేశారు. "ఎక్కడున్నావే?"

"నది దాటేసినాం. ఆదిత్యపూరంట. అన్నీ కార్ఖానాలే కనిపిత్తన్నాయి. పెళ్లి ఏ కార్ఖానాలోనండీ?"

"మాతో ఎడమకెందుకు తిరగలేదో డ్రైవర్నడుగు!"

డ్రైవరు గొంతు నాకూ వినబడింది. "దోనో తరఫ్ జల్ రహా థా సాబ్! దోనో మతలబ్ సీదా!"

మా ఊళ్లో రెండు వైపులా దీపాలు కొట్టుకుంటే బండి తిన్నగా పోతోందని అర్థం. ఏ చట్టంలోనూ లేదు కానీ, అందరూ పాటించే ట్రాఫిక్ రూలు అదొక్కటే. ఆ పాత కార్లలో రెండు ఇండికేటర్లకీ కలిపి డాష్‌బోర్డు మీద ఒకే బుల్లి దీపం. దాని గుండా రెండోవైపుకి జారే పిసరంత కరెంటుకి పాత బల్బులు చలించేవి కావు. నా ఎల్‌ఈడీలకి ఆ పిసరంతే విందు భోజనం.

పెదనాన్న మీట నొక్కి, కారు చుట్టూ తిరిగి చూశారు. "శభాష్. ఒకేసారి రెండుపక్కలకీ తిరిగీ కారు సేసినావు."

బాసికం కట్టుకున్న తమ్ముడు కిటికీలోంచి తల బయటపెట్టాడు. "భయ్యా, షాదీ హోగీ నా?" పెళ్లవుతుంది కదా అని వాడి బెంగ.

నేను బస్సు కోసం రోడ్డు మీదకి పరిగెత్తాను.

ముహూర్తం దాటిపోబోతుండగా బస్సొచ్చింది. పెద్దమ్మ మంగళసూత్రం పట్టుకుని పరుగున దిగింది.

తమ్ముడు ఏడడుగులు వేస్తుంటే, అదే అగ్నిసాక్షిగా నేనూ ప్రమాణం చేశాను: చక్రాలున్న దేనికీ ఈ జన్మలో దీపం మార్చను. వాడి ప్రమాణాల సంగతి మరదల్ని అడగండి. నాది మాత్రం నేటికీ నిలబడే ఉంది. మా సైకిలు చీకట్లోనే తిరుగుతోంది.