పాలు చల్లబడే గీత

ఆ రోజుల్లో పొద్దున్నే మారికుప్పంలో రైలెక్కి బెంగళూరుకు ఉద్యోగానికి వెళ్లేదాన్ని. మా చిన్న కంపెనీ ఊళ్లలోని పాల కేంద్రాలకు పాలు చల్లబరిచే ట్యాంకులు తయారుచేసేది. ట్యాంకు నమూనాను కంప్యూటర్లో నడిపి, అది అసలు ట్యాంకులా ప్రవర్తించేదాకా లోపలి లెక్కలను సాఫ్ట్‌వేర్ చేత సవరింపజేయడం నా పని. ఏది ఎంత దగ్గరగా వస్తే సరిపోయినట్టో దానికి ముందే చెప్పాలి. నేను ఒకే అంకె చెప్పాను: మూడు గంటలయ్యాక పాలు ఎంత చల్లగా ఉన్నాయి. అది చక్కగా కలిసింది.

మొదటి ట్యాంకును బేతమంగళ దగ్గర మా చిన్నమ్మ, అంటే అమ్మ చెల్లెలు, చూసుకునే పాల కేంద్రంలో పెట్టాం. నెల తిరక్కుండానే పాలు విరిగిపోతున్నాయని ఫోను చేసింది. ఆదివారం బస్సెక్కి వెళ్లాను.

"మూడు గంటల్లో పాలు చల్లబడుతున్నాయి కదా చిన్నమ్మా?"

"కడాకు చల్లబడితే ఏం లాభమమ్మా? మధ్యలో ఎంతసేపు వెచ్చగా ఉండాయో చూసినావా?"

చూడలేదు. ఆ మాట చెప్పడానికి సిగ్గేసింది.

ఇద్దరం ట్యాంకు పక్కనే కూర్చున్నాం. పది నిమిషాలకోసారి ఆమె థర్మామీటరు ముంచి చదివింది, నేను పాత క్యాలెండరు కాగితం వెనక రాసుకున్నాను. "ఇంగ ఎన్నిసార్లు ముంచల్లమ్మా?" అని విసుక్కుంటూనే ముంచింది. ఎవరో పాలు తెస్తే కొలవడానికి లేచి వెళ్లింది. నేను కునుకు తీశాను. రెండు కొలతలు తప్పిపోయాయి.

సోమవారం నుంచి నా తిప్పలు మొదలయ్యాయి. ఒక్క అంకె బదులు, ఏ నిమిషానికి పాలు ఎంత చల్లబడ్డాయో చూపే మొత్తం గీతనే లక్ష్యంగా ఇవ్వాలి. వరుసలో ఎన్ని విలువలున్నాయో, ఏది ఏ నిమిషానిదో విడిగా రాయాలి. నమూనా నిమిషానికో విలువ ఇచ్చేది. మా దగ్గరున్నవి పదిహేడు. రెండు వరుసల పొడవు కలవడం లేదని సాఫ్ట్‌వేర్ ప్రతిసారీ ఆగిపోయేది. నాలుగు రోజులు అదే తప్పు. రైల్లో కూడా కళ్లు మూసుకుంటే ఆ ఎర్ర అక్షరాలే.

"ఇంకా కాలేదా?" అని మా మేనేజరు రోజూ అడిగేవాడు. లేదని తల ఊపేదాన్ని.

శుక్రవారం మాన్యువల్లో ఒక చిన్న వాక్యం కనబడింది. నమూనా గీత నుంచి మనం కొలిచిన నిమిషాల దగ్గరి విలువలను మాత్రమే లెక్కగట్టి తీసుకోమని సాఫ్ట్‌వేర్‌కిచ్చే ఆదేశాల్లో ఒక మాట చేర్చాలట. చేర్చాను. నడిచింది. చివరి అంకె ఒక్కదానితో పోల్చినప్పుడు పట్టుబడని సంగతి ఇప్పుడు బయటపడింది: పాలు కలిపే రెక్క అరగంట ఆలస్యంగా తిరిగినట్టు లెక్కేస్తేనే రెండు గీతలూ కలిశాయి; అంటే అది చల్లబరిచే మోటారుతో పాటు తిరగడం లేదు. అందాకా పైపాలు వెచ్చగానే ఉంటున్నాయి.

మెకానిక్ వెళ్లి దాన్ని సరిచేశాడు. పాలు విరగడం ఆగింది.

"ముందే ఇలా చేసి ఉండొచ్చుగా," అన్నాడు మేనేజరు. నిజమే. సంచి సర్దుకున్నాను.

మరుసటి వారం చిన్నమ్మ ఇంటికెళితే కాఫీ ఇచ్చి, "మొగం పీక్కపోయిందే, పండుకో పో," అంది. చాప పరుచుకుని పడుకున్నాను. ఆఖరి బస్సు వెళ్లిపోయిందని ఆమె లేపి చెప్పేదాకా తెలియలేదు.