మోతి కాలు

చొప్పదండిలో మగ్దలేనమ్మను ఇప్పటికీ పట్టీలమ్మ అనే పిలుస్తారు. మిషన్ దవాఖానలో ముప్పై ఏళ్లు ఆయాగా చేసి, ఎందరి పుండ్లో కడిగి పట్టీలు కట్టింది. అలాంటి మనిషికి సొంత కుక్క కాలి మీది పుండు లొంగలేదు.

మొదట మోతి ఎడమ ముందుకాలి మీద రూపాయి బిళ్లంత మేర వెంట్రుకలు ఊడి ఎర్రగా కనిపించింది. ముళ్లకంచె గీసుకుందేమో అనుకుంది. ఉప్పునీళ్లతో కడిగి పసుపు అద్దింది. పది రోజులకు పొర కట్టింది, మళ్లీ పగిలింది. మందుల దుకాణం నుంచి మలాం తెచ్చి రాసింది. నాకకుండా పాత ప్లాస్టిక్ బకెట్ అడుగు కోసి మెడకు తొడిగింది. ఆ బకెట్‌తో మోతి గుమ్మాలకు కొట్టుకుంటూ తిరిగింది గాని పుండు మానలేదు. అంచులు గట్టిపడ్డాయి. వాసన మారింది. ఆ వాసన ఎలాంటిదో ఆమెకు తెలుసు. తెలిసీ మరో రెండు వారాలు కట్లు మారుస్తూనే ఉంది.

చివరికి ఆటోలో కరీంనగర్ పశువుల దవాఖానకు తీసుకుపోయింది. డాక్టర్ వనజ చిన్న ముక్క కోసి పరీక్షకు పంపింది. వారం తర్వాత పిలిపించి, ఎదురుగా కూర్చోబెట్టి చెప్పింది.

“గిది ఉత్త పుండు కాదమ్మా, క్యాన్సర్. ఎముకదాకా పోయింది. కాలు తీసేస్తెనే జర ఆశ.”

మగ్దలేనమ్మ బల్ల మీదున్న మోతి వైపు చూసింది. ఆరేళ్ల కింద, చక్కెర జబ్బుతో భర్త దేవదాస్ పాదం కుళ్లినప్పుడు డాక్టర్లు ఇదే మాట అన్నారు. కాలు లేని బతుకు వద్దని ఆయన ఆమె చేతులు పట్టుకుని బతిమాలాడు. తన చేతుల మీద ఆమెకు నమ్మకం ఎక్కువ. ఇంట్లోనే రెండు పూటలా కట్లు కట్టింది. నాలుగు నెలలకు ఆయన పోయాడు.

బల్ల మీద మోతి ఆమె మోచేతి వంపులో మూతి పెట్టి పడుకుంది.

“మా ఆయన వద్దన్నడు, నేను విన్న. ఇగ వినను. తీసెయ్యి బిడ్డా,” అంది.

వనజ ఒప్పుకోలు కాగితం ముందుకు జరిపింది. మగ్దలేనమ్మ సంతకం పెట్టింది.

భుజం దాకా తీసేశారు. ఇంటికి తెచ్చాక మోతి నాలుగు రోజులు లేవలేదు. అన్నం ముద్దలు చేసి నోటికి అందించింది. పన్నెండో రోజు కుట్లు విప్పితే కింద చర్మం పొడిగా అతుక్కుని ఉంది. మగ్దలేనమ్మ దాని మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది.

రోగం మళ్లీ ఊపిరితిత్తుల్లో తేలొచ్చని, మూడు నెలలకోసారి చూపించాలని వనజ చెప్పింది. ఇప్పటికి రెండుసార్లు పోయివచ్చారు, ఏమీ కనిపించలేదు. పక్కింటి సత్తమ్మ మేక వాకిట్లోకి వస్తే మోతి మూడు కాళ్ల మీద గెంతుతూ తరుముతుంది. మలుపు దగ్గర పడిపోతుంది. తనంతట తానే లేస్తుంది.