‘నేను’ అనని దర్శన

కామాటిపురలో వరుస గదుల చాల్ భవనం రెండో అంతస్తు గ్యాలరీలో, తడి జుట్టుకు తువ్వాలు చుట్టుకుని, స్టూలు మీది లాప్‌టాప్ ముందు కూర్చుని దర్శన తన మొదటి పరిశోధన పత్రం రాస్తోంది. విషయం నీళ్ల డ్రమ్ముల్లో పెరిగే దోమలు. ఇంగ్లీషు పత్రంలో ‘నేను’ అనకూడదనీ, ఏదీ తెగేసి చెప్పకూడదనీ గైడు మేడమ్ నేర్పింది. ఆ అలవాటు ఆమె నాలుకకూ పాకింది. అన్నం ఉడికిందా అని అమ్మ సీమా అడిగితే, “ఉడికినట్టు కనిపిస్తుంది, పక్కా చెప్పలేం” అంటుంది. వాక్యం కుదరకపోతే కళ్లు మూసుకుని పెదాలు కదుపుతుంది. చూసినవాళ్లు జపమనుకుంటారు.

మొన్న అలా కళ్లు మూసుకుని, బకెట్ మీద విప్పిన నల్లా సంగతే మరిచిపోయింది. నీళ్లు కింది గదిలోకి కారి శంకర్రావు పరుపు తడిసి ముద్దయింది. ఆయన రొప్పుతూ మెట్లెక్కి వచ్చాడు.

“నల్లా ఎవరు ఇడిసిన్రు?”

“నల్లా ఇడిసిపెట్టబడ్డది, కాకా,” అంది దర్శన తల ఎత్తకుండా.

“ఎవరితోని?”

“కారణం ఇంకా తెలియరాలేదు.”

సీమా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. శంకర్రావు నవ్వలేదు. “మీ కాకీకి నడుం నొప్పి, బిడ్డా. ఇయ్యాల యాడ పండాలె?”

దర్శన వేళ్లు ఆగిపోయాయి. “నేనే ఇడిసిన, కాకా. రాసుడుల పడి మరిచిన.”

తన కొత్త పరుపు చుట్టి, భుజానికెత్తుకుని కిందికి దిగింది. శంకర్రావు భార్య కాకీ దాని మీద నడుం వాల్చి, హాయిగా కళ్లు మూసుకుంది. శంకర్రావు మెల్లగా తలుపు దగ్గరికి వేస్తూ అన్నాడు: “ఇది వాపస్ ఇయ్యబడదు, బిడ్డా.”