పెరుగులో పనస వాసన

సౌదీలోని దమ్మామ్‌లో నేనున్న బిల్డింగు మూడో అంతస్తులో ఎదురెదురుగా ఉన్న రెండు ఫ్లాట్లలోనూ తెలుగువాళ్లమే ఉండేవాళ్లం. ఒకటి నాది. మాది కడప. బేకరీలకు, ఐస్‌క్రీమ్ తయారుచేసేవాళ్లకు ఎసెన్సులు అమ్మే కంపెనీ గోడౌన్‌లో స్టోర్‌కీపర్‌గా పనిచేసేవాణ్ణి. ఎదురింట్లో నరసాపురం వైపు నుంచి వచ్చిన ఒక నర్సు, ఆమె భర్త, ఆరేళ్ల కూతురు ఉండేవాళ్లు. పరిచయమైన మొదటిరోజే ఆమె నన్ను తమ్ముడూ అని పిలిచింది. అలా ఆయన నాకు బావ అయ్యాడు. ఏసీలు బిగించే ఒక చిన్న కంపెనీలో ఆయన టెక్నీషియన్.

ఒక శుక్రవారం జుమ్మా నమాజు చదివి వచ్చేసరికి అక్క పెరుగు గిన్నె పట్టుకుని నా తలుపు ముందు నిలబడి ఉంది.

"వాసన చూడు తమ్ముడూ."

చూశాను. పెరుగు పనసపండు వాసన వేస్తోంది.

"పాలేమో స్ట్రాబెర్రీ, కోడిగుడ్లేమో పుదీనా. మీ బావ ఆ సీసాలన్నీ తెచ్చి ఫ్రిజ్‌లో సర్దేశాడు. నువ్వు గోడౌన్‌లో చేసేవోడివి కదా, నువ్వయినా చెప్పు."

బావ చాలా ఏళ్లుగా సిగరెట్లు కాల్చేవాడు. అక్కది ఛాతీ రోగుల వార్డు. ఆమె పోరు పడలేక ఆయన సిగరెట్ మాని వేప్ అనే ఎలక్ట్రానిక్ సిగరెట్‌కి మారాడు. అందులో పోసే ద్రవాన్ని ఇంట్లోనే కలుపుకునేవాడు. దానికోసం రకరకాల ఫ్లేవర్ల చిన్న సీసాలు పోగుచేశాడు.

వెళ్లి చూస్తే నా స్టోర్‌కీపర్ ప్రాణం ఉసూరుమంది. కొన్నింటికి మూతలు సరిగా లేవు. కొన్నింటిలో రబ్బరు డ్రాపర్లు అలాగే మునిగి ఉన్నాయి. నిమ్మ ఫ్లేవర్ పోసిన ప్లాస్టిక్ సీసా పట్టుకుంటే మెత్తగా తగిలింది.

"ఈ నిమ్మకాయది ప్లాస్టిక్‌ను తినేస్తాంది బావా. గాజు సీసాలో పొయ్యాల. డ్రాపర్ ఇట్లా లోపలే వదిలేస్తే కడాకు రబ్బరు వాసనే మిగుల్తాది."

"ఆయ్, నాకేం తెలుసు బామ్మర్దీ! చల్లగా ఉంటే చాలనుకున్నాను."

చల్లదనం ఒక్కటే చాలదు, వెలుతురూ గాలీ కూడా తగలకూడదని చెప్పాను. ఆ సాయంత్రమే సీసాలన్నిటినీ వంటింటికి దూరంగా, నడవాలోని గోడ అలమరలోకి మార్చాం. గోధుమరంగు గాజు సీసాలు కొనుక్కొచ్చాం. అక్క ఆసుపత్రిలో వాడే తెల్ల టేపు ముక్కలు కత్తిరించి, రోగుల చార్టు రాసినంత శుభ్రంగా ఒక్కో సీసా మీద తెరిచిన తేదీ రాసింది. ఆ ద్రవంలో కలిపే నికోటిన్ సీసాను మాత్రం తాళమున్న డబ్బాలో పెట్టి, తాళంచెవి తన దగ్గరే ఉంచుకుంది. "పాప చేతికి అందిందంటే ఇంకేమన్నా ఉందా?" అంది.

ఆ ఉత్సాహంలో నేనొక తప్పు చేశాను. మా మేనేజర్‌ని అడిగి పిస్తా ఎసెన్స్ శాంపిల్ సీసా ఒకటి తెచ్చి బావకిచ్చాను. ఆయన మురిసిపోయాడు. అక్క దాన్ని అందుకుని, వెనక ఉన్న చిన్న అక్షరాలు చదివింది.

"ఇది నూనెలో కలిపింది కదా?"

"ఔనక్కా. బిస్కెట్లకు వాడేది."

"బిస్కెట్ కడుపులోకి పోద్ది. ఇది ఊపిరితిత్తుల్లోకి పోద్ది. నూనె పీల్చితే ఏమవుద్దో నా వార్డుకొచ్చి చూడు!"

ఏ ఎసెన్స్ ఎన్నాళ్లు నిలవుంటుందో నాకు తెలుసు. అది ఎక్కడికి వెళ్తుందో ఏనాడూ ఆలోచించలేదు. సిగ్గుతో రెండు శుక్రవారాలు ఆ గడప తొక్కలేదు. మూడో శుక్రవారం పాప ప్లేటులో పిస్తా కేకు పట్టుకుని వచ్చింది.

"అమ్మ తినమంది మావయ్యా. ఇది కడుపులోకేనని చెప్పమంది."

ఆ తర్వాత శుక్రవారం మధ్యాహ్నాలన్నీ వాళ్లింట్లోనే గడిచాయి. అక్క చేపల పులుసు తిన్నాక అలమర తెరిచేవాళ్లం. కాగితం ముక్కల మీద ఒక్కో చుక్క వేసి వాసన చూసేవాళ్లం. పండ్ల ఫ్లేవర్లు ముందు నీరసించేవి. ఏడాది తిరిగేసరికి స్ట్రాబెర్రీలో పండు పోయి ఉత్త తీపి మిగిలింది. వెనిల్లా ముదురు గోధుమరంగుకి తిరిగితే పాడైందని బావ కంగారుపడ్డాడు. దాని తత్వమే అంత, పారబొయ్యొద్దని ఆపాను. పనస కలిపిన కొత్తలో ఘాటుగా, పచ్చిగా ఉండేది. మూడు వారాలు చీకట్లో పెట్టి తీస్తే మెత్తబడేది. బావ దాన్ని పీలుస్తూ బాల్కనీలో కూర్చుని కళ్లు మూసుకునేవాడు. ఏం కనబడుతోందని అడిగితే, "నరసాపురం బస్టాండ్ పక్కన తొనలు అమ్ముతారు కదా, అక్కడున్నాను. మాట్లాడకు" అనేవాడు.

స్థానికులకు ఉద్యోగాలివ్వాలనే నితాకత్ రూలు వచ్చాక కంపెనీలకు రంగులొచ్చాయి. సౌదీలు తగినంతమంది లేని కంపెనీ రెడ్‌లో పడుతుంది. రెడ్‌లో పడితే అందులోవాళ్ల ఇకామాలు, అంటే అక్కడ ఉండే అనుమతులు, రెన్యువల్ కావు. కొన్నేళ్లు ఎలాగో నెట్టుకొచ్చిన బావ కంపెనీ చివరికి రెడ్‌లో పడింది. వీసాకు పూచీపడే వేరే కఫీల్ కోసం ఆయన నాలుగు నెలలు తిరిగాడు. ఖఫ్జీలో ఒకరు రమ్మన్నారుగానీ, వెళ్లి చూస్తే వాళ్లదీ అదే రంగు. ఈలోగా వెంట ఉన్న కుటుంబాల మీద మనిషికింతని లెవీ పన్ను కూడా వచ్చింది. బావ, పాప ఎగ్జిట్ వీసా మీద ఇండియాకి వెళ్లిపోవాలని, అక్క ఆసుపత్రి క్వార్టర్స్‌కి మారాలని నిర్ణయించుకున్నారు.

ఇల్లు ఖాళీ చేసేరోజు అలమర ముందు ముగ్గురం నేలమీద కూర్చున్నాం. నికోటిన్ సీసాను అక్క అప్పటికే ఆసుపత్రికి తీసుకెళ్లి, మందుల చెత్త వేసే డబ్బాలో వేయించింది. మిగిలినవాటిని బావ ఒక్కొక్కటే తీసి టేపు మీది తేదీ చదివాడు.

"ఇది పాప కొత్త బళ్లో చేరిన వారం తెరిచింది... ఇది మా అమ్మ పోయిన నెల. ఆ నెలంతా దీన్ని ముట్టుకోలేదు."

అక్క టేపులు ఊడదీస్తోంది. ఒక సీసా దగ్గర ఆయన ఆగి నావైపు చూశాడు.

"దీనికెంత గడువుంది బామ్మర్దీ?"

"ఇంకో ఏడాది ఉంటాది బావా."

"నా ఇకామా కంటే నయం" అని నవ్వాడు. మేమిద్దరం నవ్వలేకపోయాం.

ఊరెళ్లాక ఆయన మళ్లీ సిగరెట్ పట్టాడు. వీడియో కాల్‌లో ఆయన దగ్గు వినగానే అక్క కనిపెట్టింది. తిట్టలేదట. ఫోన్ పక్కన పెట్టేసి ఏడ్చిందట. ఆ ఏడుపు ఊళ్లో బావ పక్కనున్న పాప కూడా విన్నది. పాప విన్నదనే తాను మానేశానని తర్వాత బావే నాతో చెప్పాడు. అక్క ఇంకో మూడేళ్లు పనిచేసి ఇంటికి చేరింది. మా కంపెనీలోనూ మనుషుల్ని తగ్గించడంతో నేను కడప వచ్చేశాను.

పోయిన ఏడాది నరసాపురం వెళ్లాను. పొద్దున్నే బావ నన్ను చేపల మార్కెట్‌కి తీసుకెళ్లాడు. గంప ముందు కూర్చుని ఒక చేప ఎత్తి వాసన చూసి, "ఇది నిన్నటిదమ్మా, ఇవాళ్టిది తియ్" అన్నాడు. అమ్మే ఆవిడ నవ్వుతూ ఇంకో గంప మీది గోనెపట్టా తీసింది.

"చిన్నప్పుడు ఇట్టే పట్టేసేవాణ్ణి బామ్మర్దీ. మధ్యలో ఇన్నేళ్లు ఆ పొగకి ముక్కు మూసుకుపోయింది" అన్నాడు.

ఇంటికొచ్చాక అక్క చేపను అటూ ఇటూ తిప్పి చూసి, కత్తిపీట ముందేసుకుంది.

"ఇప్పుడు మార్కెట్‌కి ఈయన్నే పంపుతున్నాను తమ్ముడూ" అంది.