కాక కారు మీద నా పేరు

ఈరోజు ఆదివారం. మా అల్లుడు కొత్త కారు వెనక అద్దానికి 'లోపల పాప ఉంది' అని స్టిక్కర్ అంటించాడు. "పాప ఉన్న సంగతి ఊరందరికీ ఎందుకయ్యా?" అని అడిగాను. "అందరూ పెడుతున్నరు అత్తమ్మా" అన్నాడు. అది జవాబు కాదు. అయితే సరైన జవాబు నా దగ్గరా లేదు... అందుకే ఇది రాస్తున్నాను.

మా చిన్నప్పుడు... ఎనభైల చివర... నాచారంలో మా నాయిన, ఆయన తమ్ముడు మా కాక పక్కపక్క ఇళ్ళలో ఉండేవాళ్ళు. వాకిలి ఒక్కటే. నాయినది ఫ్యాక్టరీ ఉద్యోగం. కాక పాత అంబాసిడర్ కొని కిరాయికి నడిపేవాడు.

కాకకు, చిన్నమ్మకు పిల్లలు లేరు. మేము ముగ్గురం ఆడపిల్లలం, నేను నడిపిదాన్ని. నన్ను పెంచుకుంటామని కాక ఒకసారి అడిగాడట. "ఇంకోసారి ఆ మాట ఎత్తకు" అన్నాడట నాయిన.

అప్పుడే రేడియం స్టిక్కర్లు కొత్తగా వచ్చాయి. ఉప్పల్ చౌరస్తాలో ఒకాయన అక్షరాలు కత్తిరించి బండ్లకు అంటించేవాడు. ఏ ఆటో వెనక చూసినా సొంతదారు పిల్లల పేర్లే... 'శిరీష–శ్రీకాంత్', 'రాజు–రాణి'...

ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి కాక కారు వెనక అద్దం మీద ఎర్రటి అక్షరాలు... 'స్వరూప'. నా పేరు!

సంతోషపడాలో సిగ్గుపడాలో తెలియలేదు. అక్క మూతి ముడిచింది. "నీ పేరే ఎందుకే? మేం సచ్చినమా?" అమ్మ "దిష్టి తగుల్తది" అంది. నాయిన చూసి లోపలికి వెళ్ళిపోయాడు.

తర్వాత కొన్నాళ్ళకు అందరం ఆ కారులోనే రామంతాపూర్‌లో ఒక నిశ్చితార్థానికి బయలుదేరాం. ఉప్పల్‌లో కారు ఆగినప్పుడు మూటలతో ఉన్న ఒకాయన వెనక నుంచి కేకేశాడు.

"ఓ స్వరూప వాళ్ళ నాయినా! ఘట్‌కేసర్ దాకా వస్తవా?"

"ఆఁ... చెప్పన్నా!" అన్నాడు కాక.

పక్క సీట్లో ఉన్న మా నాయిన కూడా అదే క్షణంలో తల తిప్పాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కాక ఆయనకు రాలేనని చెయ్యి ఊపి కారు ముందుకు పోనిచ్చాడు.

ఇంటికొచ్చాక నాయిన అన్నాడు, "తమ్మీ, అది తీసెయ్."

"పేరే కదన్నా..."

"పేరే. ఎవరి పిల్ల అనడిగితే ఏం జెప్తవ్?"

కాక కారు వెనక్కి వెళ్ళాడు. గోటితో ఒక్కో అక్షరం మెల్లగా లేపి జేబులో పెట్టుకున్నాడు. చిన్నమ్మ గడప దాటి బయటికి రాలేదు. నాయిన వైపు నిలబడాలో కాక వైపు నిలబడాలో తెలియక నేను వాకిలి మధ్యలోనే ఉండిపోయాను...

ఎండాకాలంలో ఒకరోజు కాక నన్ను పరీక్షకు దింపడానికి తీసుకెళ్ళాడు. కళ్ళలో ఎండ పడుతుంటే తన తల పైనున్న అట్టను కిందికి వంచాడు. దాని లోపలి వైపు, అంచులు చిరిగిన అవే ఎర్రటి అక్షరాలు. నడిపేవాడికి తప్ప ఇంకెవరికీ కనిపించవు.

"నాయినకు జెప్తవా బిడ్డా?"

చెప్పనని తల ఊపాను.

పదిమంది చూడాలనే కదా స్టిక్కర్ పెట్టేది... ఎవరూ చూడని చోట పెట్టుకుంటే దాన్నేమంటారు? ఇంకో సంగతీ నాకు అంతుపట్టదు. ప్రతి ఆదివారం ఆ కారు లోపలా బయటా తుడిచేది మా నాయినే. చూడకుండా ఉంటాడా? చూస్తే మళ్ళీ తీసెయ్యమని ఎందుకనలేదు?

అడగడానికి నాయిన లేడు. ఆ కారూ లేదు. ఇప్పుడు స్టిక్కర్లు తయారుగా దొరుకుతున్నాయి... అందరి కార్ల మీదా ఒకే పాప.

ఇక జరగవలసినవి:

1. అల్లుడు స్టిక్కర్ ఉంచుకోవచ్చు. వంకరగా ఉంది, సరిచెయ్యాలి.

2. మీ ఇంటి బండి మీద ఎవరి పేరుండేదో చదివినవాళ్ళు దీని కింద రాయాలి. ఎందుకో తెలిస్తే అదీ రాయాలి, నాకు పనికొస్తుంది.

3. వచ్చే ఆదివారం కాకను అల్లుడి కారు ముందు సీట్లో కూర్చోబెట్టి ఉప్పల్ దాకా తిప్పాలి. దారిలో ఎవరైనా "పాప మీదేనా?" అనడిగితే జవాబు కాకే చెప్పాలి. మేమెవ్వరం నోరు తెరవకూడదు.